డ్రాఫ్ట్‌లో క్వార్టర్‌బ్యాక్: ఏ లోపం ఉన్నవాణ్ణి తీసుకోవచ్చు?

ఏప్రిల్ వచ్చిందంటే మా ఆఫీసు లంచ్ టేబుల్ దగ్గర పని సంగతులు బంద్. మేముండేది టెక్సస్‌లోని ఫ్రిస్కోలో. డాలస్ కౌబాయ్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు హెడ్డాఫీసు, ప్రాక్టీసు మైదానం మా ఊళ్లోనే. హనుమాన్ గుడికెళ్లి ప్రసాదం లైన్లో నిలబడ్డా "ఈసారి మనవాళ్లు ఎవణ్ణి తీసుకుంటారంటావ్?" అన్న మాట చెవిన పడుతుంది. వచ్చిన కొత్తలో ఈ బంతి గుండ్రంగా ఎందుకు లేదో కూడా తెలియని నేను, ఇప్పుడు పన్నెండు మందిమి కలిసి నడుపుకునే ఫాంటసీ లీగ్‌లో (అసలు ఆటగాళ్లతో కాగితం మీద జట్లు కట్టుకునే పోటీలో) ఏటా కొత్త కుర్రాళ్లను ఎంచుకుంటున్నాను. మా లీగ్‌లో ఒకసారి తీసుకుంటే మనంతట మనం వదిలేదాకా వాడు మనవాడే. 2021లో నేను తీసుకున్న క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపేవాడు) పేరు చెప్పను. ఉగాది పచ్చడి చేతికిస్తూ "చేదు సరిపోయిందా, లేకపోతే వాడి పేరు చెప్పనా?" అనే స్నేహితులున్నారు నాకు.

కాబట్టి దీన్ని చేతులు కాలాక ఆకులు పట్టుకున్నవాడి సలహాగానే చదవండి.

కొత్తవాళ్లకు రెండు ముక్కలు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో (అమెరికన్ ఫుట్‌బాల్ పెద్ద లీగ్‌లో) 32 జట్లు. ఏటా ఏప్రిల్‌లో కాలేజీ ఆటగాళ్లను ఏడు రౌండ్లలో పంచుకుంటాయి, అదే డ్రాఫ్ట్. కిందటేడు బాగా ఓడిన జట్టుకు మొదటి వంతు. అన్ని స్థానాల్లోకీ ఖరీదైనది, అన్నిటికంటే ఎక్కువగా తప్పు లెక్క పడేది క్వార్టర్‌బ్యాక్ దగ్గరే. 1998లో పేటన్ మానింగా, రయాన్ లీఫా అని అమెరికా అంతా నిజంగానే వాదించుకుంది. కోల్ట్స్ మొదటి ఎంపికగా మానింగ్‌ని తీసుకుంది, చార్జర్స్ రెండో ఎంపికగా లీఫ్‌ని తీసుకుంది. ఒకాయన ఐదుసార్లు ఎంవీపీ (ఆ ఏటి మేటి ఆటగాడు). ఇంకొకాయన కెరీర్ మొత్తం 14 టచ్‌డౌన్ పాసులు (స్కోరు తెచ్చినవి), 36 ఇంటర్‌సెప్షన్లు (ప్రత్యర్థి పట్టేసినవి). అయితే ఇందులో అందరూ మర్చిపోయే సంగతి ఒకటుంది: మొదటి ఏడాది మానింగ్ కూడా 28 బంతులు ప్రత్యర్థుల చేతుల్లో పెట్టాడు, జట్టు 3 గెలిచి 13 ఓడింది. ఆ ఏడాది ఆఖర్న అడిగితే "ఇద్దరూ ఇంతే" అనేవాళ్లు బోలెడుమంది దొరికేవాళ్లు.

ఆ మూడు సెకన్లలో

ఈ పనిని ముందే కొలవడం ఎందుకంత కష్టమో తెలియాలంటే ఒక్క ప్లే (బంతి కదిలిన దగ్గర్నుంచి ఆగేదాకా) దగ్గరగా చూడాలి.

మూడో ప్రయత్నం (పది గజాలు ముందుకెళ్లడానికి దొరికేవి నాలుగు). ఇంకా ఎనిమిది గజాలు కావాలి. హెల్మెట్‌లో కోచ్ గొంతు ప్లే పేరు చెబుతుంది. ప్లే గడియారంలో 15 సెకన్లు మిగలగానే ఆ గొంతు ఆగిపోతుంది. ఇక కుర్రాడు ఒంటరి. ఎదుట ఇద్దరు సేఫ్టీలు (అందరికంటే వెనక కాపలా ఉండే డిఫెండర్లు) దూరంగా వెనక్కి నిలబడి ఉన్నారు. బంతి చేతికి రాగానే అందులో ఒకడు ముందుకు ఉరికాడు. అంటే ఇప్పటిదాకా చూపించింది వేషం, అసలు డిఫెన్స్ వేరు. ఎడమ పక్కనుంచి నూట ఇరవై కిలోల మనిషి మీదికొస్తున్నాడు. మొదట అనుకున్న రిసీవర్ (పాస్ అందుకునేవాడు) దారి మూసుకుపోయింది. చూపు రెండోవాడి మీదికి మళ్లాలి, చూపుతోపాటు పాదాలూ మళ్లాలి, ఆ రిసీవర్ తల తిప్పి చూడకముందే బంతి చేయి వదలాలి. ఇదంతా మూడు సెకన్లలోపే.

ఇందులో చేతి బలానికి పని పడేది చివరి అర సెకనులో. అంతకుముందు జరిగేదంతా కళ్లలో, కాళ్లలో, బుర్రలో. డ్రాఫ్ట్‌కి ముందు టేపు పట్టి, స్టాప్‌వాచ్ పట్టి మనం కొలవగలిగేదేమో ఆ చివరి అర సెకనునే.

పైగా కాలేజీ ఆట వేరు. కాలేజీ మైదానంలో హాష్ గీతల (ప్లే మొదలయ్యేటప్పుడు బంతి పెట్టే హద్దుల) మధ్య 40 అడుగుల ఎడం, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో పద్దెనిమిదిన్నర అడుగులే. కాలేజీలో బంతి ఒక పక్కకు జరిగిందంటే రెండో పక్కన బోలెడంత ఖాళీ జాగా, అక్కడ రిసీవర్ ఊరికే దొరుకుతాడు. పాస్ ప్లేలో లైన్‌మెన్ (క్వార్టర్‌బ్యాక్‌ని కాచే ముందువరుసవాళ్లు) కాలేజీలో మూడు గజాలు ముందుకెళ్లొచ్చు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఒక్క గజమే. దాంతో పరుగో పాసో తెలియకుండా డిఫెన్స్‌ని బోల్తా కొట్టించే ఎత్తులు కాలేజీలో పండినంతగా ఇక్కడ పండవు. శనివారం కాలేజీ ఆటలో "ఖాళీగా ఉన్నాడు" అంటే చుట్టూ రెండు గజాల్లో ఎవరూ లేరని. ఆదివారం ఎన్‌ఎఫ్‌ఎల్ ఆటలో "ఖాళీగా ఉన్నాడు" అంటే మోచెయ్యి పట్టేంత సందుందని.

నాలుగు రకాల సాక్ష్యం, అన్నీ సమానం కావు

ఎవరిని తీసుకోవాలా అని వాదించుకునేటప్పుడు జనం నాలుగు రకాల సాక్ష్యం తెస్తారు: కొలతలు, అంకెలు, ఆట వీడియో, మాటామంతీ.

కొలతలకు నేనిచ్చే విలువ తక్కువ. డ్రాఫ్ట్‌కి ముందు కుర్రాళ్లను కొలిచి చూడ్డానికి ఇండియానాపొలిస్‌లో జరిగే కంబైన్‌లో బొటనవేలి కొస నుంచి చిటికెనవేలి కొస దాకా అరచెయ్యి చాచి కొలుస్తారు. 2020లో జో బరో చెయ్యి తొమ్మిది అంగుళాలని తేలితే పెద్ద గోల. బంతి నా చిట్టి చేతుల్లోంచి జారిపోతుందట, రిటైరవుదామనుకుంటున్నా అని ఆయనే ట్విట్టర్‌లో జోకేశాడు. రెండో సీజన్లో జట్టును సూపర్ బౌల్‌కి (ఎన్‌ఎఫ్‌ఎల్ ఫైనల్‌కి) తీసుకెళ్లాడు. 2000లో టామ్ బ్రేడీ 40 గజాల పరుగు 5.28 సెకన్లు, ఆయనకంటే ముందు ఆరుగురు క్వార్టర్‌బ్యాకులు అమ్ముడుపోయాక 199వ ఎంపికగా పేట్రియట్స్‌కి దొరికాడు. ఏడు సూపర్ బౌల్స్ గెలిచాడు. మరోవైపు జమార్కస్ రసెల్ చేతి బలం చూసి 2007లో రైడర్స్ మొట్టమొదటి ఎంపిక ఖర్చు పెట్టింది. 2010కల్లా పంపించేసింది.

కాలేజీ ప్రాంగణంలో జరిగే ప్రో డే మరీ ఘోరం. అది పెళ్లిచూపుల లాంటిది. ఇస్త్రీ చొక్కా, అలవాటు లేని మర్యాద, ముందే అనుకుని పెట్టుకున్న మాటలు. మీదికొచ్చే డిఫెండరు లేడు, రిసీవర్లు తెలిసినవాళ్లే, ఏ పాస్ తర్వాత ఏ పాసో నెలన్నరగా సాధన. 2021లో జాక్ విల్సన్ ఎడమవైపు పరుగెడుతూ మైదానం అడ్డంగా వేసిన ఒక పొడుగాటి పాస్ వీడియో నేనూ పదిసార్లు చూసుంటాను. జెట్స్ రెండో ఎంపికగా తీసుకుంది. మూడేళ్లకు వేరే జట్టుకు పంపేసింది. ఆ పాస్ నిజంగానే అద్భుతం. దాని అవసరం ఆటలో ఎన్నిసార్లు వస్తుందని ఎవరూ అడగలేదు, నేను సైతం.

అంకెల్లో నేను పట్టించుకునేవి రెండు. ఒకటి, కాలేజీలో ఎన్ని మ్యాచులు మొదటినుంచి ఆడాడు. ఇది కొత్త సంగతేం కాదు. పాత కోచ్ బిల్ పార్సెల్స్ కూడా చివరి ఏడాది దాకా ఆడినవాడై ఉండాలి, మూడేళ్లు స్టార్టరై ఉండాలి అని షరతులు పెట్టుకునేవాడని చెబుతారు. 2017లో రెండో ఎంపిక అయిన మిచ్ ట్రుబిస్కీ కాలేజీలో స్టార్ట్ చేసినవి 13. 2021లో మూడో ఎంపిక ట్రే లాన్స్ 17. 2023లో నాలుగో ఎంపిక ఆంథనీ రిచర్డ్‌సన్ మళ్లీ 13. ముగ్గురూ తీసుకున్న జట్టు పెట్టుకున్న ఆశలు తీర్చలేకపోయారు. అటుపక్క 2024లో జేడెన్ డేనియల్స్ 55, బో నిక్స్ 61 స్టార్ట్‌లతో వచ్చారు. మొదటి ఏడాదే ఇద్దరూ జట్లను ప్లేఆఫ్స్‌కి చేర్చారు. బ్రాక్ పర్డీ అయోవా స్టేట్‌లో నాలుగేళ్లు ఆడి, 2022లో చిట్టచివరి ఎంపికగా, 262వ వాడిగా వచ్చి, రెండో ఏడాది సూపర్ బౌల్ ఆడాడు.

ఎక్కువ మ్యాచులు ఆడితే గొప్పవాడైపోతాడని కాదు. ఎక్కువ ఆడితే మననుంచి దాచడానికి వాడికేమీ మిగలదు, అంతే. ప్రత్యర్థి కోచ్‌లకు రెండో ఏడాది వాడి బలహీనత తెలిసిపోతుంది, మూడో ఏడాది దాన్ని దిద్దుకున్నాడో లేదో మనకు తెలుస్తుంది. పదమూడు మ్యాచులవాడి దగ్గర ఆ రెండో అధ్యాయమే ఉండదు.

రెండో అంకె కొంచెం తక్కువమంది చూసేది: ఒత్తిడి వచ్చినప్పుడల్లా ఎన్నిసార్లు శాక్ అయ్యాడు, అంటే బంతి వదలకముందే పడగొట్టించుకున్నాడు. శాక్ అనగానే లైన్‌మెన్‌ని తిడతాం. ఒత్తిడి తెచ్చేది లైన్ చేతగానితనమే కావచ్చు, కానీ ఆ ఒత్తిడిని శాక్‌గా మార్చేది మాత్రం చాలావరకు బంతి పట్టుకు వేలాడే క్వార్టర్‌బ్యాకే. పుట్టుకతో వచ్చిన బుద్ధి అంటారే, ఆ జాతి అలవాటు ఇది. కాలేజీలో ఉంటే వెంట వస్తుంది. కేలబ్ విలియమ్స్ 2024లో మొదటి ఎంపిక, చెయ్యి బంగారం. బంతిని ఎక్కువసేపు పట్టుకుంటాడని ముందే అన్నారు. మొదటి సీజన్లో 68 శాకులు. బేర్స్ లైన్ తప్పు లేదనను, అంతా లైన్ తప్పే అన్నా ఒప్పుకోను.

ఆట వీడియోనే అన్నిటికంటే గట్టి సాక్ష్యం. కాకపోతే చూసే పద్ధతి ఉంది. యూట్యూబ్‌లో దొరికే మెరుపుల వీడియోలు చూడొద్దు, అందులో అందరూ మహానుభావులే. వాడి జట్టు ఓడిన మ్యాచు వెతకండి. అందులోనూ మూడో ప్రయత్నాలు మాత్రమే చూడండి. బంతి ఎక్కడ పడిందో ముందు చూడకండి. మొదటి రిసీవర్ దొరకనప్పుడు తల రెండోవాడి వైపు తిరిగిందా, లేక వెంటనే కాళ్లకు పని చెప్పాడా, అది చూడండి. ఓ గంట కూర్చుంటే చాలు, నెల రోజుల టీవీ చర్చలకంటే ఎక్కువ తెలుస్తుంది.

మాటామంతీ, పరీక్షలు అంటారా? పన్నెండు నిమిషాల్లో యాభై ప్రశ్నల వండర్‌లిక్ పరీక్షను 2022లో కంబైన్ నుంచి ఎత్తేశారు. 2023లో సీజే స్ట్రౌడ్‌కి ఇంకో పరీక్షలో బాగా తక్కువ మార్కులొచ్చాయని డ్రాఫ్ట్‌కి ముందు బయటికి పొక్కింది. ఆ ఏడాది రూకీల్లో (కొత్తగా వచ్చినవాళ్లలో) ఉత్తమ అఫెన్సివ్ ఆటగాడు ఆయనే. ఇక్కడితో ఆపేద్దాం.

2018: ఒకే అంగట్లో ఐదు రకాలు

పోల్చి చూడ్డానికి ఇంతకంటే మంచి ఏడాది దొరకదు. మొదటి రౌండ్‌లోనే ఐదుగురు, ఐదుగురిదీ వేరు వేరు లోపం.

బేకర్ మేఫీల్డ్ గురి తప్పనివాడు, 70 శాతం పాసులు చేరతాయి, కానీ పొట్టి, నోటి దురుసు. మొదటి ఎంపిక, బ్రౌన్స్‌కి. శామ్ డార్నాల్డ్‌కి ఇరవై ఏళ్లే, అన్నీ ఉన్నాయి, కానీ బంతి పోగొట్టుకుంటాడు. మూడో ఎంపిక, జెట్స్‌కి. జాష్ ఆలెన్ చెయ్యి ఫిరంగి, కానీ వయోమింగ్‌లో పాసుల్లో 56 శాతమే చేరాయి. ఏడో ఎంపిక, బిల్స్‌కి. జాష్ రోజెన్ పాదాలు, చెయ్యి కదలిక పుస్తకంలో బొమ్మలా ఉంటాయి, "అందరికంటే సిద్ధంగా ఉన్నవాడు" అన్నారు. పదో ఎంపిక, కార్డినల్స్‌కి. లమార్ జాక్సన్ 2016లో హైస్‌మన్ (కాలేజీ మేటి ఆటగాడి బహుమతి) గెలిచినవాడు, పరుగెడితే పట్టుకునేవాడు లేడు, అయినా రిసీవర్‌గా మారితే బాగుంటుందని సలహాలిచ్చినవాళ్లున్నారు. 32వ ఎంపిక. తీసుకున్న రేవెన్స్ కూడా అంతకుముందు 25వ ఎంపికలో ఆయన్ని వదిలేసి ఒక టైట్ ఎండ్‌ని (వేరే స్థానం ఆటగాణ్ణి) తీసుకుంది!

తర్వాత సంగతి: జాక్సన్ 2019లోనూ 2023లోనూ ఎంవీపీ, ఆలెన్ 2024లో ఎంవీపీ. "సిద్ధంగా ఉన్న" రోజెన్‌ని కార్డినల్స్ ఒక్క ఏడాదికే అమ్మేసింది.

ఆలెన్ నాకెప్పటికీ తెగని లెక్క. మొక్కై వంగనిది మానై వంగునా అన్నట్టు, కాలేజీలో గురి లేనివాడికి ఎన్‌ఎఫ్‌ఎల్‌లో గురి రాదని అంకెలవాళ్లందరూ నమ్మేవాళ్లు. నేనూ నమ్మాను. మొదటి ఏడాది 52.8 శాతం, రెండో ఏడాది 58.8, మూడో ఏడాది 69.2. మాను వంగింది. ఎలా వంగిందో చూస్తే మాత్రం మాయ లేదు. చేతి కదలికను ముక్కలు ముక్కలుగా విడదీసి దిద్దుకున్నాడు, బ్రయాన్ డాబోల్ అనే ఒకే కోఆర్డినేటర్ (అఫెన్స్ నడిపే కోచ్) కింద వరసగా పనిచేశాడు, 2020లో స్టెఫాన్ డిగ్స్ లాంటి రిసీవర్ని తెచ్చిచ్చారు. అసలు కారణం ఇంకా వెనక ఉందని నా అనుమానం. కాలిఫోర్నియాలో ఫైర్‌బా అనే వ్యవసాయపు ఊరివాడు. హైస్కూల్ అయ్యాక పెద్ద కాలేజీ ఒక్కటీ స్కాలర్‌షిప్ ఇవ్వలేదు. జూనియర్ కాలేజీ మీదుగా వచ్చాడు. సరైన శిక్షణ దొరకనివాడి లోపానికీ, అన్ని శిక్షణలూ దొరికాక కూడా మిగిలిన లోపానికీ తేడా ఉంటుంది. మొదటిది కొనొచ్చు.

ఇదే వేళ్లతో ఇంకో లెక్క కూడా రాయాలి. ఆలెన్‌ని చూసి జనం "ఇంకో ఆలెన్" కోసం వెతకడం మొదలెట్టారు. రిచర్డ్‌సన్ కంబైన్‌లో క్వార్టర్‌బ్యాకుల ఎగురు రికార్డు బద్దలుకొట్టాడు. రెండో ఏడాది ఎన్‌ఎఫ్‌ఎల్‌లో చేరిన పాసులు 47.7 శాతం. ఒక్క ఆలెన్‌ని చూపించి అలాంటివాళ్లందరినీ కొనడం అంటే, ఒకడికి లాటరీ తగిలిందని జీతమంతా టికెట్లకు పెట్టడమే.

పిల్లాడికంటే ముందు ఇల్లు

సంబంధం చూసేటప్పుడు మన పెద్దలు ముందు ఇల్లు ఎలాంటిదని అడుగుతారు. ఇక్కడా అంతే.

డార్నాల్డ్ జెట్స్‌లో ఉండగా 2019లో ఒక సోమవారం రాత్రి మ్యాచులో, మైదానం పక్క బెంచీ మీద కూర్చుని తనకు దయ్యాలు కనిపిస్తున్నాయన్నాడు. లేని డిఫెండర్లు ఉన్నట్టు తోస్తున్నారని దాని అర్థం. మైకులో ఆ మాట దేశమంతా విన్నది. ఆ మనిషే 2024లో వైకింగ్స్‌కి ఆడి 14 గెలుపులు, 35 టచ్‌డౌన్ పాసులు ఇచ్చాడు. మేఫీల్డ్ బ్రౌన్స్, పాంథర్స్, రామ్స్ తిరిగి బకనీర్స్ చేరాక 2024లో 41 టచ్‌డౌన్లు వేశాడు. కుర్రాళ్లు మారలేదా అంటే మారారు. ఇల్లు కూడా మారింది.

2002లో టెక్సన్స్ మొదటి ఎంపిక డేవిడ్ కార్, కొత్తగా పుట్టిన జట్టు, మొదటి ఏడాదే 76 శాకులు. అలాంటి చోట మానింగ్‌ని నిలబెట్టినా ఏమయ్యేదో. అదే 2017లో పాట్రిక్ మహోమ్స్ పదో ఎంపికగా చీఫ్స్‌కి వెళ్లాడు. ఆండీ రీడ్ కోచ్, ముందు అలెక్స్ స్మిత్ అనే అనుభవజ్ఞుడు. ఏడాదంతా చూస్తూ కూర్చుని ఒక్క మ్యాచే ఆడాడు. టెక్సస్ టెక్‌లో అడ్డదిడ్డంగా ఆడినవాడన్న పేరు ఆ ఏడాదిలోనే కొంత కరిగింది. ఆయన కంటే ఎనిమిది స్థానాల ముందు, ఒక మెట్టు ఎక్కడానికి అదనంగా ఎంపికలు ధారపోసి మరీ ట్రుబిస్కీని తీసుకున్న బేర్స్ మహోమ్స్‌ని తీసుకునుంటే చీఫ్స్ లాగా ఆయనతో మూడు సూపర్ బౌల్స్ గెలిచేదా? నాకైతే నమ్మకం లేదు. మా టేబుల్ దగ్గర ఈ మాటంటే సగం మంది మీద పడతారు.

జేబు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 2010లో మొదటి ఎంపిక శామ్ బ్రాడ్‌ఫర్డ్‌కి ఖాయంగా దక్కేట్టు రాసిచ్చింది 5 కోట్ల డాలర్లు. మరుసటి ఏడాది రూకీల జీతాలకు హద్దు పెట్టారు. 2011 మొదటి ఎంపిక కామ్ న్యూటన్ ఒప్పందం మొత్తం సుమారు 2.2 కోట్లే. తప్పు చవకైంది కాబట్టే జట్లు ఇప్పుడు మొదటి రౌండ్‌లో క్వార్టర్‌బ్యాకుల మీద ఇంత ధైర్యంగా చెయ్యేస్తున్నాయి. 2024లో మొదటి పన్నెండు ఎంపికల్లో ఆరుగురు వాళ్లే. మొదటి రౌండ్‌లో పోయాడంటే గొప్పవాడని అందరూ ఒప్పుకున్నారనుకోకండి.

మరి ఎవరిని తీసుకోవాలి

ఇద్దరి మధ్య తేల్చుకోలేకపోతే నేనిప్పుడు చేసేది ఇది. పాదాలు సరిగ్గా పడకపోవడం, చెయ్యి ఊపు పొడుగవడం, పొట్టిగా ఉండడం, నెమ్మదిగా పరుగెత్తడం: ఈ లోపాలతో నాకు పేచీ లేదు. కొన్ని దిద్దుకుంటాయి, కొన్నింటితో బతకొచ్చు. ఒత్తిడిలో చూపు నేలకు దిగిపోవడం, బంతి వదలకుండా వేలాడడం, మొదటి రిసీవర్ని దాటి తల తిరగకపోవడం: ఇవి ఉన్నవాడు ఎంత దూరం విసిరినా దండం పెట్టి పక్కకు తప్పుకుంటాను. పదిహేను మ్యాచులలోపు ఆడినవాణ్ణి మొదటి ఐదు ఎంపికల ధరకు ముట్టుకోను. రెండో రౌండ్ ధరకు దొరికితే ఆలోచిస్తాను.

పేరెంటో, ఎన్నో ఎంపికో చూశాక వెంటనే ఇంకో మూడు చూస్తాను. కోచ్ ఉద్యోగం వచ్చే ఏడాదికి ఉంటుందా? లైన్‌లో ఎడమ చివర, వెన్ను కాచే చోట, ఎవరున్నారు? ముందు కూర్చోబెట్టడానికి ఒక పాత క్వార్టర్‌బ్యాక్ ఉన్నాడా? మాక్ జోన్స్ 2021లో పేట్రియట్స్‌లో బాగా మొదలెట్టాడు, ప్రో బౌల్‌కి (మేటి ఆటగాళ్ల మ్యాచుకి) కూడా వెళ్లాడు. రెండో ఏడాదికల్లా కోఆర్డినేటర్ వెళ్లిపోయాడు, ఆ పని అఫెన్స్ నడిపిన అనుభవం లేనివాళ్ల చేతికొచ్చింది, ఆ జట్టులో ఉన్నన్నాళ్లూ కుర్రాడు మళ్లీ కోలుకోలేదు. మీ లీగ్‌లో డ్రాఫ్ట్ తర్వాతే ఎంచుకునే వీలుంటే తర్వాతే ఎంచుకోండి. ఇల్లు తెలియకుండా సంబంధం ఖాయం చేసుకోవాల్సిన ఖర్మ అసలు జట్లకే గానీ మనకెందుకు?

ఒకే జట్టు ఒకే ఏడాది ఇద్దర్ని తీసుకుంటే చౌకవాణ్ణి కూడా ఓ కంట కనిపెట్టండి. 2012లో వాషింగ్టన్ మూడు మొదటి రౌండ్ ఎంపికలు, ఒక రెండో రౌండ్ ఎంపిక ఇచ్చి రాబర్ట్ గ్రిఫిన్‌ని తెచ్చుకుంది. ఆ డ్రాఫ్ట్‌లోనే 102వ ఎంపికగా కర్క్ కజిన్స్‌ని కూడా తీసుకుంది, అందరూ నవ్వారు. గ్రిఫిన్ మొదటి ఏడాది మెరిశాడు, మోకాలు దెబ్బతింది. చివరికి ఏళ్ల తరబడి జట్టును నడిపింది కజిన్స్.

మా ఊరి జట్టు సంగతి చెప్పకపోతే ఇంట్లోకి రానివ్వరు. 2016లో కౌబాయ్స్ మనసు పడింది పాక్స్టన్ లించ్ మీద. మొదటి రౌండ్‌లో పైకి జరగబోయింది, బ్రాంకోస్ ముందుకొచ్చి తన్నుకుపోయింది. తర్వాత కానర్ కుక్ అనుకుంది, రైడర్స్ ఎత్తుకెళ్లింది. ఇక చేసేదేమీ లేక నాలుగో రౌండ్‌లో 135వ ఎంపికగా డాక్ ప్రెస్కాట్‌ని తీసుకుంది. ఆగస్టులో టోనీ రోమో వెన్ను దెబ్బతింది, అతనికి వెనకున్న కెలెన్ మూర్ కాలు అప్పటికే విరిగింది. మూడో మనిషిగా ఉన్న ప్రెస్కాట్ ఆడక తప్పలేదు. ఆ ఏడాది కౌబాయ్స్ 13 గెలిచి 3 ఓడింది. లించ్‌ని బ్రాంకోస్ రెండేళ్లకే వదిలేసింది. ఫ్రిస్కోలో ఇప్పటికీ ప్రెస్కాట్ నాలుగో నంబరు జెర్సీలు అమ్ముతున్నారు, కొనేవాళ్లలో మా ఆవిడ కూడా ఉంది.